మాఫీ రూము సుహాసినమ్మ

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే రోడ్డులో ఒక మిషన్ ఆస్పత్రి ఉంది. అందులో ఓపీ చీట్ల కౌంటరు దాటి, మందుల కొట్టు దాటి, ఎక్స్‌రే గది దగ్గర మలుపు తిరిగితే చిన్న గది ఒకటి వస్తుంది. తలుపు మీద ‘సాంఘిక సేవా విభాగం’ అని రాసి ఉంటుంది గాని, ఆ మాట చదివిన రోగి ఇంతవరకు ఒక్కడూ లేడు. జనానికి అది మాఫీ రూము. అందులో ఇరవై ఆరేళ్ళుగా కూర్చుంటున్న మనిషి మాఫీ రూము సుహాసినమ్మ.

బిల్లు కట్టలేమని వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, ఎవరు ఎంత కట్టగలరో, ఎవరికి ఎంత తగ్గించాలో తేల్చి కాగితం మీద రాయడం ఆమె ఉద్యోగం. వినడానికి సుళువుగానే ఉంటుంది. ఆ కుర్చీలో ఒక్క పూట కూర్చుంటే తెలుస్తుంది దాని సంగతి. ఉన్నవాడు లేదంటాడు, లేనివాడు ఉందంటాడు. మొదటివాడిని పట్టుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. రెండోవాడిని పట్టుకోవడమే కష్టం.

సుహాసినమ్మ ఎవరినీ ‘నీ ఆదాయం ఎంత’ అని అడగదు. ఆ ప్రశ్నకు ఈ దేశంలో నిజం చెప్పినవాడు లేడని ఆమె నమ్మకం. ఆమె ప్రశ్నలు వేరు. “రాత్రి ఇంట్లో ఏం వండినారు?” అంటుంది. “ఈడికి వచ్చేదానికి ఎన్ని బస్సులు మారినారు?” అంటుంది. “మీరిద్దరూ ఈడుంటే ఇంటికాడ జీవాలను ఎవురు సూస్తాండారు?” అంటుంది. మేకలనూ గొర్రెలనూ పక్కింటివాళ్ళు చూస్తున్నారంటే, ఆ ఇంటికి ఇంకా కొంచెం ఊపిరి ఉన్నట్టు. “అమ్మేసినామమ్మా” అంటే ఇక నాలుగో ప్రశ్న లేకుండా కలం తీస్తుంది.

ఈ విద్య తండ్రి నుంచి వచ్చింది. కుప్పం పక్కన శాంతిపురం దగ్గర ఒక పల్లెలో మిషన్‌వాళ్ళు నడిపిన చిన్న ఆస్పత్రిలో ఆమె తండ్రి దయానందం కాంపౌండరు. డబ్బుల్లేనివాళ్ళు రాగులు తెచ్చేవాళ్ళు, కోడిగుడ్లు తెచ్చేవాళ్ళు, అలసందలు తెచ్చేవాళ్ళు. ఆయన ఎవరినీ ఇంత అని అడిగేవాడు కాదు, ఏమీ వద్దని కూడా అనేవాడు కాదు. “ఊరికే ఇస్తే మందు మీద నమ్మకముండదు, మన మీద మర్యాదుండదు. ఏదో ఒకటి తీసుకోవాల. ఎంతనేది మటుకు వాళ్ళే సెప్పాల” అనేవాడు. “జబ్బుతో వచ్చినోడిని ఆస్తి అడగొద్దు పాపా, అన్నం అడుగు” అనేవాడు. ఒక ఏడు వాంతులూ విరేచనాలూ ముదిరి పల్లెలన్నీ గుమ్మడికాయలు పట్టుకొని ఆస్పత్రికి వచ్చిపడితే, ఆ ఇంట్లో నెల్లాళ్ళు గుమ్మడికాయ కూరే. ఇప్పటికీ గుమ్మడికాయ కనబడితే సుహాసినమ్మ ముఖం తిప్పుకుంటుంది.

ఆమెకు ఇప్పుడు యాభై ఏడు. భర్త పోయాడు. ఒక్కతే కూతురు రెజీనా, అదే ఆస్పత్రిలో నర్సు. ఈ కూతురే ఆమెకు పెద్ద ఆడిటరు. “అమ్మా, నువ్వు ఒక సంతకం పెడితే నా జీతం రెండు దినాలు వెనక్కి పోతాది, తెల్సునా?” అని అన్నం తినేటప్పుడు దెప్పుతుంది. అది వేళాకోళమే గాని అబద్ధం కాదు. వెనకటిలాగా బయటి దేశాల నుంచి మిషన్ డబ్బు రావడం లేదు. సర్కారు పథకం కింద వైద్యం చేస్తే ఆ డబ్బు వచ్చేదాకా ఆస్పత్రే తన చేతిది పెట్టి నడవాలి. ఆక్సిజన్ సిలిండరు తెచ్చినవాడు ఆగడు, కరెంటువాళ్ళు ఆగరు. ఆగేది నర్సుల జీతమే. మాఫీ అంటే ఎవరూ కట్టకపోవడం కాదు, ఇంకెవరో కట్టడం. ఈ సంగతి సుహాసినమ్మకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ ఇంకెవరో ఆమె ఇంట్లోనే అన్నం తింటూ ఉంటుంది.

పథకం కార్డు వచ్చిన కొత్తలో ఇక మాఫీ రూముకు తాళం పడుతుందనుకున్నారు. కార్డు నిజంగా ఎందరినో బతికించింది, ఆ మాట ఆమె ఎక్కడైనా చెబుతుంది. అయినా తాళం పడలేదు. కార్డులో పేరు పడనివాళ్ళు, వేరు కాపురం పెట్టి కొత్త కార్డు రానివాళ్ళు, ఏదో కారణంతో కార్డు ఆగిపోయినవాళ్ళు, ఆ మలుపు తిరిగి వస్తూనే ఉన్నారు. తలుపు ఎంత పెద్దది పెట్టినా గడప దగ్గర కొందరు మిగిలిపోతారు.

పోయిన ఏడు ఆస్పత్రికి కొత్త మేనేజరు వచ్చాడు. పేరు శరత్ బాబు. సుహాసినమ్మ సండేస్కూల్లో పాటలు నేర్పిన పిల్లవాడే, బెంగళూరులో చదువుకొని వచ్చాడు. మంచివాడే. మంచివాడు కాబట్టే ఆస్పత్రి మూతబడకూడదని పట్టుదల. మాఫీలకు ఒక పద్ధతి ఉండాలని ఒక ఫారం తయారుచేసి, ట్యాబులో పెట్టి ఆమె చేతికిచ్చాడు. మిద్దె ఇల్లుంటే పది మార్కులు, టచ్ ఫోనుకు ఐదు, మోటారు సైకిలుకు పది, ఒంటి మీద బంగారానికి ముప్పై. మొత్తం నలభై దాటితే మాఫీ లేదు. తక్కువ మార్కులు వచ్చినవాడు పాసయ్యే పరీక్ష లోకంలో అదొక్కటే అని సుహాసినమ్మ నవ్వింది. నవ్వినా, ట్యాబు నొక్కడం నేర్చుకుంది.

ఆ ఆగస్టులో, ఒక మంగళవారం పొద్దున, మునెమ్మ వచ్చింది.

పుంగనూరు అవతల నక్కలబండపల్లె. యాభై ఏళ్ళుంటాయి. ఉతికి మడత పెట్టిన పట్టంచు చీర, తలలో కనకాంబరాలు, మెడలో రెండు పేటల బంగారు గొలుసు. పెళ్ళికి పోతూ దారి తప్పి ఆస్పత్రికి వచ్చినట్టుంది. ఆమె మొగుడు గోవిందప్ప మేకలు కాస్తాడు. పొదల్లో ఏదో చిన్న పురుగు కుట్టింది. కుట్టింది కూడా తెలియలేదు. వారం రోజుల జ్వరం ముదిరి ఊపిరితిత్తులకు పాకింది. నాలుగు రోజులుగా ఐసీయూలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. మందు పనిచేస్తోంది, ఇంకో ఐదు రోజులుంటే నడిచి పోతాడు, ఇప్పుడు తీసుకుపోతే చెప్పలేను అన్నాడు డాక్టరు.

కార్డు ఏమైందని అడిగితే మునెమ్మ తల వంచుకుంది. కొడుకు మునిశేఖర్ బెంగళూరులో అపార్టుమెంటు కాపలా. బండి లోను కావాలంటే ఎవరో ఏజెంటు ఐటీ రిటర్ను అని ఒక కాగితం వేయించాడు. వాడు పన్ను పైసా కట్టింది లేదు. కంప్యూటరుకు మాత్రం ఆ ఇల్లు పన్ను కట్టే ఇల్లయిపోయింది, కార్డు ఆగిపోయింది. సచివాలయంలో అర్జీ పెట్టారు. అర్జీ నడుస్తూ ఉంది. గోవిందప్ప ఊపిరి అంత తీరిగ్గా నడిచేట్టు లేదు.

“రాత్రి ఏం తిన్యావు మునెమ్మా?” అంది సుహాసినమ్మ.

“బన్ను తిన్యానమ్మా, టీలో అద్దుకొని.”

“మేకలు?”

“ఎనిమిది అమ్మేసినాం. రెండు పిల్లలుండాయి. ఇంకా పాలు మరవలేదు, వాటినెవురు కొంటారు?”

సుహాసినమ్మ చేయి అలవాటు కొద్దీ కలం కోసం పోయింది. కలం లేదు, ట్యాబుంది. సర్కారువాళ్ళు కట్టించిన మిద్దె, పది. ఫోను, ఐదు. తర్వాతి గడి బంగారం.

“ఆ గొలుసు నీదేనా?”

మునెమ్మ రెప్ప వేయలేదు. “నాదేనమ్మా. మా యమ్మ పెట్టింది.”

ముప్పై. ట్యాబు ఎర్రగా వెలిగి నలభై ఐదు చూపించింది.

“అట్లయితే దాన్ని తాకట్టు పెడితే ఈ ఐదు దినాలు గడిచిపోతాయి కదా తల్లీ. బ్యాంకు ఎదురుగానే ఉండాది. మళ్ళా ఇడిపించుకుందువు.”

మునెమ్మ చేయి చటుక్కున గొలుసు మీదికి పోయింది. దాన్ని పిడికిట్లో పట్టుకుంది. “వద్దమ్మా. మాఫీ కాకపోతే మాదే పూచీ అని రాసిచ్చి మనిషిని తీసకపోతాం. దేవుడెట్ల రాసుంటే అట్ల.”

సుహాసినమ్మకు ఒళ్ళు మండింది. ఇది ఉన్నది దాచడం కూడా కాదు. పక్క వార్డులో మొగుడు ఊపిరికి కొట్టుకుంటూ ఉంటే, ఈమె గొలుసు పట్టుకొని కూర్చుంది! ఏదో గట్టి మాటే నోటిదాకా వచ్చింది. వచ్చిన మాట అక్కడే ఆగింది. ఎందుకంటే ఆ పిడికిలి సడలినప్పుడు గొలుసుకున్న నెమలి బిళ్ళ మళ్ళీ కిందికి జారింది, జారి ఎడమ పక్కకు ఒరిగి నిలిచింది. దాని రెండు కొక్కేల్లో ఒకటి ఎప్పుడో విరిగినట్టుంది. ఆ ఒరిగిన నెమలిని సుహాసినమ్మ ఎక్కడో చూసింది. ఆ నెమలిని చూసినప్పుడే ఈ ఒళ్ళుమంట కూడా, సరిగ్గా ఇదే కుర్చీలో, ఒకసారి పడింది.

“రేపు పొద్దుటిదాకా ఆగు. నాకు సెప్పకుండా యాడికీ కదిలించొద్దు” అని మునెమ్మను పంపేసింది.

మధ్యాహ్నం అన్నం మానేసి పాత ఫైళ్ళ గది తాళం తెరిపించింది. పన్నెండేళ్ళ నుంచి మాఫీ దరఖాస్తు మీద అడిగిన మనిషి ఫోటో అంటించడం ఆనవాయితీ. నక్కలబండపల్లె పేరుతో ఉన్నవన్నీ తీసి బల్ల మీద పరిచింది. నాలుగేళ్ళ కిందట సుధ అనే కోడలు, అత్తకు తుంటి విరిగితే తెచ్చింది. ఆమె మెడలో రెండు పేటల గొలుసు, ఒరిగిన నెమలి. అప్పుడు సగం మాఫీ రాసింది సుహాసినమ్మ. ఇంకా అడుక్కు పోతే, పదకొండేళ్ళ కిందటి కాగితం. ఇంద్రాణి. ఇరవై మూడేళ్ళ పిల్ల. అదే గొలుసు, అదే నెమలి.

ఇంద్రాణి మొగుడు ఉమాపతి. టమాటా తోటలో రక్తపింజరి కరిచింది. విషానికి మందు పడింది గాని మూత్రపిండాలు ఆగిపోయాయి, డయాలసిస్ జరుగుతూ ఉంది. కొత్తగా వేరుపడ్డ కాపురం, కార్డు ఇంకా రాలేదు. అన్నీ గుర్తుకొచ్చాయి. గొలుసు తాకట్టు పెట్టమంటే ఆ పిల్ల కూడా ఇట్లాగే పిడికిట్లో పట్టుకుంది. మొగుడి కంటే బంగారం ఎక్కువైన ఆడదాన్ని మొదటిసారి చూస్తున్నానని ఆనాడు సుహాసినమ్మ అనుకుంది. అనుకోవడమే కాదు, రాసింది కూడా. కాగితం అడుగున తన చేతిరాతే ఉంది. ‘మెడలో బంగారు గొలుసు ఉన్నది. తనదేనని ఒప్పుకున్నది. తాకట్టు పెట్టుటకు ఇష్టపడలేదు. తిరస్కరించడమైనది.’ దాని కింద మర్నాటి తేదీతో వార్డు నర్సు రాసిన ఒక వాక్యం. ‘సొంత పూచీ మీద రోగిని తీసుకుపోయినారు.’

సుహాసినమ్మ ఆ రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టింది. ఒక ఊరి గొలుసు ముగ్గురి మెడల్లో ఉంటే, అది ముగ్గురిలో ఎవరిదీ కాదని తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఎరువుల సొమ్ము బరువుల చేటు అని చిన్నప్పుడు ఎన్నిసార్లు వినలేదు! అరువు నగ ఒంటి మీద బరువే గాని మనది కాదని పాపం ఆ పిల్లకూ తెలుసు. తనకే తెలియలేదు. అన్నం అడగమని నేర్పిన మనిషి కూతురు, ఆ ఒక్క రోజు ఆస్తి అడిగింది.

ఐసీయూ బయట బెంచీ మీద మునెమ్మ ఉంది. సుహాసినమ్మ పక్కన కూర్చొని, ఫోటోలున్న రెండు కాగితాలు ఆమె ఒడిలో పెట్టింది. మునెమ్మ చూసింది. సుధను చూసి, ఇంద్రాణిని చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఎవురిది మునెమ్మా?”

“పేరు అడగొద్దమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటా.”

“యాల?”

మునెమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “మా ఊర్లో ఆడది బోసి మెడతో ఆస్పత్రికి పోకూడదమ్మా. దిక్కులేనోళ్ళనుకొని మూల పడేస్తారంట. అందుకని బంగారముండేటామె తనది తీసి మాకు ఏస్తాది. ఏసుకున్నాక ఎవురడిగినా నాదే అని సెప్పాల. ఈడ నిలబడి ఇది ఫలానా ఆమెది అని పేరెత్తితే, ఈడుండే జబ్బులు ఆ పేరు ఇని ఆమె ఇంటికి దోవ పడతాయంట. మంచి సేసినామెకు సెడు సేస్తామా?”

సుహాసినమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గౌరవంగా చూస్తారని వేసుకొచ్చిన గొలుసు చూసే ఇక్కడ ముప్పై మార్కులు వేస్తున్నారు. ఈ సంగతి ఆ ఊరికి ఎవరూ చెప్పలేదు, ఆ ఊరి సంగతి ఈ ట్యాబుకు ఎవరూ చెప్పలేదు.

మునెమ్మ దరఖాస్తుతో కలిపి మూడు కాగితాలు తీసుకొని నేరుగా శరత్ బాబు గదికి పోయింది. ఆయన బల్ల మీద వరసగా పెట్టింది. ఆయన ఒక్కొక్కటే చూశాడు. తెలివైనవాడు, నెమలి దగ్గరికి తానే వచ్చాడు.

“ఒకటే గొలుసు.”

“ఒకటే, సార్.”

ఆయన వేలు పదకొండేళ్ళ కిందటి కాగితం మీద, అడుగున ఉన్న రాత మీద ఆగింది. “ఇది మీరు రాసిందేనా?”

“నేనే. దీన్ని సూపించకుండా మిగిలిన రెండూ సూపించొచ్చు. పని జరిగిపోతాది. అట్ల సేయబుద్ధి కాలేదు.”

“ఈమె భర్త ఏమయ్యాడు?”

“తెలియదు బాబూ. పదకొండేళ్ళలో నేను అడగలా.”

సార్ పోయి బాబు ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ గమనించలేదు. శరత్ బాబు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఆంటీ, బంగారం గడి నేను తీసేయలేను. తీసేస్తే నిజంగా పెట్టెలనిండా ఉన్నవాళ్ళు కూడా మీ గది ముందు లైను కడతారు. ఈ నెల జీతాలకే ఇంకా చూస్తున్నాను.”

“తీసేయమని నేనూ అనలా. నా కూతురి జీతం కూడా దాంట్లోనే ఉండాది. ఆ గడి పక్కన నేను రాసేదానికి రెండు లైన్ల చోటియ్యి. మార్కులు ఎంతొచ్చినా ఆ రెండు లైన్లు సదివినాకనే నువ్వు కాదను.”

ఆయన ఆలోచించాడు. తర్వాత సరేనన్నాడు. ఆ రెండు లైన్లలో సుహాసినమ్మ రాసిన మొదటి వాక్యం, ‘గొలుసు ఎరువుది, నేను పూచీ.’

మాఫీ మొత్తం చేయలేదు. “నువ్వెంత కట్టగలవో నువ్వే సెప్పు” అని మునెమ్మను అడిగింది. రెండు మేకపిల్లలూ పెరిగినాక వచ్చే డబ్బు కడతానంది మునెమ్మ. అదే రాసుకుంది. ఆ సాయంత్రం రెజీనా అంతా విని, “అయితే నా జీతం ఇప్పుడు మేకపిల్లలు తింటాండాయన్నమాట” అంది. అని, అమ్మ ముఖం చూసి, ఆమె కంచంలో ఇంకో గరిటె వడ్డించింది.

ఆరో రోజున గోవిందప్ప నడుచుకుంటూ బయటికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు గాని, బీడీ యాడ దొరుకుతాది అని అడిగేంత బాగయ్యాడు.

ఆ తర్వాతి శనివారం సుహాసినమ్మ పుంగనూరు బస్సెక్కింది. అక్కడి నుంచి ఆటో. నక్కలబండపల్లెలో మునెమ్మ ఆమెను ముందు ఒక ముసలామె ఇంటికి తీసుకుపోయింది. ఇక్కడ పేరెత్తితే భయం లేదు కాబట్టి పేరు చెప్పింది, అన్నపూర్ణమ్మ. గొలుసు తిరిగి వచ్చింది, అరుగు మీద కూర్చున్న ఆమె మెడలో నెమలి ఎడమ పక్కకు ఒరిగి ఉంది. “ఇది నా మెడలో ఉండేది తక్కువమ్మా, మీ ఆస్పత్రిలో ఉండేది ఎక్కువ. నాకన్నా ఇదే ఎక్కువ బస్సులెక్కింటాది” అని బోసినోటితో నవ్వింది. సుహాసినమ్మ నవ్వలేకపోయింది. ఆమె వచ్చింది ఈ ఇంటికి కాదు.

ఇంద్రాణి ఊరి బయట టమాటా తోట గట్టున ఉంది. మదనపల్లె మార్కెట్టుకు పోయే కాయలను ఏరి క్రేట్లలో నింపుతోంది. పండినవి ఒక పక్క, దోరవి ఒక పక్క, పగిలినవి వెనక్కి. ముప్పై నాలుగేళ్ళకే తల ముందు నెరిసింది.

“నన్ను గుర్తుపట్టినావా?”

“పట్టకేమమ్మా. మాఫీ రూమమ్మ.” చేతులు ఆగలేదు.

“ఆ పొద్దు కాదని రాసింది నేనే.”

“ఔ. మీరే.”

“ఉమాపతి...”

“ఇంటికి తెచ్చినాక నాలుగో దినం పోయినాడు. ఆడ్నే ఉండుంటే బతికుండునో లేదో, ఎవురికి తెల్సు.” ఒక పగిలిన కాయను వెనక్కి వేసింది. గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండునని సుహాసినమ్మకు అనిపించింది. తిడితే పడదామనే బస్సూ ఆటో మారి వచ్చింది. తిట్టని మనిషి ముందు ఎట్లా నిలబడాలో తెలియక, అనకూడని మాట ఆమె నోట్లో నుంచి జారిపోయింది.

“గొలుసు నాది కాదని ఒక్క మాట సెప్పింటే...”

అప్పుడు ఇంద్రాణి చేతులు ఆగాయి. తల ఎత్తి చూసింది.

“నాది కాదంటే ఎవురిదని అడగరా? పేరు సెప్తే అన్నపూర్ణమ్మకు తగులుకుంటాదని కదమ్మా. నా మొగుడు బతకాలని ఇంకొకామెను సంపుకుంటానా?”

సుహాసినమ్మ గట్టు మీద కూలబడింది. ఇన్నేళ్ళూ ఎక్కడో లోపల, ఈ పిల్ల గొలుసు పట్టుకొని మొగుణ్ణి వదిలేసిందని ఒక చెడ్డ మాట అట్లాగే ఉండిపోయింది. ఆ పిల్ల పట్టుకున్నది ఇంకొక మనిషి ప్రాణాన్ని. తాను కుర్చీలో నుంచి చూసి, బంగారమని రాసింది. ఆమె ఏడ్చింది. మాఫీకి వచ్చినవాళ్ళ ముందు ఎన్నడూ ఏడవకూడదని ఇరవై ఆరేళ్ళు పెట్టుకున్న నియమం టమాటా క్రేట్ల పక్కన పోయింది.

ఇంద్రాణి చెంబుతో నీళ్ళిచ్చింది. “మీరు అడిగింది ఇంకా గుర్తుండాదమ్మా నాకు. ‘ఆ గొలుసు నీదేనా’ అంటిరి. ఆ మాటకు మా ఊరోళ్ళు ఎవురైనా ఔననే అంటారు. వేరే మాదిరి అడిగింటే సెప్పేసుందును.”

“ఎట్ల అడగాల?”

ఇంద్రాణి ఆలోచించి చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు ఒక సంచిలో దోరకాయలు పోసి ఆటోలో పెట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు. తండ్రి మాట గుర్తొచ్చి సుహాసినమ్మ మళ్ళీ అడగలేదు, ఆ కాయలను ఒళ్ళో పెట్టుకొని ఇంటికి తెచ్చుకుంది.

సోమవారం పొద్దున మాఫీ రూములో మొదట వచ్చినామె రామకుప్పం పక్క నుంచి వచ్చింది. ఊరు వేరు. చంకలో బిడ్డ, చేతులకు జత బంగారు గాజులు. ముంజేతికి వదులై మాటిమాటికి జారుతుంటే పైకి తోసుకుంటోంది. ట్యాబులో బంగారం గడి వచ్చింది. సుహాసినమ్మ ట్యాబును బోర్లా పెట్టింది.

“గాజులు బాగుండాయమ్మా. ఎప్పుడు తిరిగియ్యాల?”

ఆమె ఉలిక్కిపడింది. గాజులు చూసుకుంది, సుహాసినమ్మను చూసింది. పేరు ఎవరూ అడగలేదు. కళ్ళు దించుకొని మెల్లగా చెప్పింది.

“ఆదివారం.”